ఒకరి దినచర్య మనకెందుకు?

పోయిన నెల మన సంఘం గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుతూ ఉండగా ఒక పెద్దమనిషి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగినారు. అప్పుడు మా చేతిలో ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' ఉన్నది. వారు దానిని పుచ్చుకొని, నాలుగు పుటలు తిరగవేసి, "ఏమండీ, రామాయణం చదివితే పుణ్యం. మహానుభావుల చరిత్రలు చదివితే బుద్ధి. ఎవరో కోర్టు ఉద్యోగి ఏ ఊళ్ళో దిగినాడు, అక్కడ బియ్యం దొరికినవా లేదా అని వ్రాసుకొన్న వ్రాతలు చదివితే మనకేమి వస్తుంది?" అన్నారు.

మాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. మేము కచేరీ గుమాస్తాలము. ఏ కాగితానికైనా జవాబు మరునాడు గాని వ్రాయము. ఈ కాగితానికి నెల పట్టినది. ఆ పెద్దమనిషి మన చందాదారులే గనుక ఇక్కడ చదువుకొంటారు.

మొదట ఆ కోర్టు ఉద్యోగి సంగతి. వీరాస్వామయ్యగారు మన చెన్నపట్నం వారే. కంపెనీవారి కాలంలో ఇక్కడ సుప్రీంకోర్టు అనే పేరుతో ఒక న్యాయస్థానం ఉండేది. అందులో ఆయన దుబాసీ. దొరలకూ కక్షిదారులకూ నడుమ మాట అందించే ఉద్యోగం. ఆయన 1830వ సంవత్సరం మే 18వ తేదీ రాత్రి తండయారుపేటలోని తన తోట ఇల్లు విడిచి మాధవరం చేరినారు. వెంట దాదాపు నూరుమంది పరివారం. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి పోయి, గయ, కలకత్తా చూచుకొని, పూరీ, గంజాం, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, నెల్లూరుల దారిన 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరినారు. పదిహేను నెలల పైన మరొక పదిహేను రోజులు! మాకు పదిహేను రోజుల సెలవు కావలెనంటే మూడు బల్లల ముందు నిలబడవలెను. ఆ పుస్తకంలో మాకు అసూయ కలిగించిన సంగతి కాశీ కాదు, ఆ సెలవు.

దారి పొడుగునా ఆయన తన మిత్రులైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి జాబులు వ్రాస్తూ వచ్చినారు. ఆయన 1836లో కాలం చేయగా, ఆ మిత్రుడు ఆ వ్రాతలన్నీ కూర్చి 1838లో అచ్చు వేయించినారు. తరువాత ఒక వందేళ్ళకు, 1941లో, దిగవల్లి వేంకటశివరావుగారు పూనుకొని వివరాలతో మళ్ళీ వేయించకపోతే మన వరకు వచ్చేది కాదేమో. అందులో ఏమున్నదంటారా? ఏ మజిలీలో బావినీళ్ళు బాగున్నవి, ఎక్కడ అంగళ్ళున్నవి, ఏ దారి రాతినేల, ఏ దారి రేగడి, ఎక్కడ ఏ నాణెం చెల్లుతుంది, ఎక్కడ సుంకం అడుగుతారు, హైదరాబాదులో జనం ఆయుధాలు పట్టుకొని ఎట్లా తిరుగుతారు. పెద్దమనిషిగారు చెప్పినట్లు, బియ్యం సంగతి కూడా ఉన్నది.

ఆ బియ్యం సంగతి మరెక్కడ ఉన్నదో చెప్పమనండి. 1830లో గవర్నరు ఎవరో చరిత్ర పుస్తకం చెపుతుంది. చెన్నపట్నం నుంచి కాశీకి పోయే తెలుగు కుటుంబం రాత్రి ఏ ఊళ్ళో పొయ్యి రాజవేసినదో అది చెప్పదు. మేము ఉండేది పెరంబూరు. మాధవరం మీదుగా ఎన్ని వందల పర్యాయాలు బస్సులో పోయినామో లెక్క లేదు. ఆ పేరు వీరాస్వామయ్యగారి మొదటి మజిలీ అని చదివిన తరువాత, ఆ స్టాపు వచ్చినప్పుడల్లా కిటికీలోనుంచి తొంగి చూస్తున్నాము. కనపడేది లారీలే అనుకోండి.

చరిత్ర వ్రాసేవాడు మనకు చెప్పవలెనని వ్రాస్తాడు. దినచర్య వ్రాసేవాడు తనకు గుర్తుండవలెనని వ్రాస్తాడు. లేదా ఒక్క స్నేహితునికి తెలియవలెనని. ఎదుట సభ లేదు గనుక గొంతు పెంచడు. అందుకే ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. అట్లాగని అంతా సత్యమని కాదు. ఎవరి కన్ను వారిది. సవారీలో కూర్చున్నవారి దినచర్య మనకు దొరికినది. సవారీ మోసిన బోయీల దినచర్య దొరకలేదు. ఆడవారి మాటకోసం ఆ పుస్తకంలో వెతుక్కోవలెను. ఆడవారు వ్రాయక కాదు. మన మద్రాసు ఆవిడే, పోతం జానకమ్మగారు, 1870లలో ఇంగ్లండు వెళ్ళి వచ్చి, తాను తెలుగులో వ్రాసుకొన్న సంగతులను ఇంగ్లీషులోకి మార్చి 1876లో అచ్చు వేయించినారు. మన సోదరీమణులలో ఎందరికి ఆ పేరు తెలుసు?

పుదుచ్చేరిలో ఆనందరంగపిళ్ళెగారి సంగతి యానాం పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. డూప్లే దొరకు దుబాసీ. 1736 నుంచి 1761లో పోయేవరకు, ఇంచుమించు పాతికేళ్ళు, అరవంలో తన దినచర్య వ్రాసుకొన్నారు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని ఆయన పేరిటనే చెప్పినాడు గనుక మనకూ ఆయన పరాయివారు కారు. ఓడల రాక, సరుకుల ధర, దొరసాని మీద తనకున్న కోపం, అన్నీ ఆ పుస్తకాలలో పడినవి. ఆ కోపం మాట మరొకరు చదువుతారని తెలిస్తే వ్రాసేవారా? వ్రాసి ఉండరు.

ఇక్కడనే మా ఇంట్లో ఒక తగవు వచ్చినది. "ఒకరు తమకోసం వ్రాసుకొన్నది మరొకరు చదవడం తప్పు కాదటండీ?" అని మా ఇంటావిడ అడిగినది. బతికి ఉన్నవారిదైతే తప్పే, అందులో సందేహం లేదు. పోయినవారిదైతే ఏమి చెప్పవలెనో మాకూ సరిగా తెలియదు. కాని ఆ తప్పు మేము చేసినాము. ఇంతవరకు వ్రాసినదంతా పెద్దమనిషిగారికి జవాబు. ఇక వ్రాయబోయేది పాఠకులందరికీ మేము ఇచ్చుకోవలసిన సంజాయిషీ.

నాలుగేళ్ళ కిందట ఈ పేజీలోనే మా తాతగారి కథ ఒకటి వ్రాసినాము. కొందరికి గుర్తుండవచ్చును, మెచ్చుకొని ఉత్తరాలు వ్రాసినవారున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయి, మద్రాసు ఇక్కడే నిలిచిపోయిన రోజులు. పొట్టి శ్రీరాములుగారు ఈ ఊళ్ళోనే ప్రాణం విడిచి అప్పటికి ఏడాది కాలేదు. మా తాతగారు ఇక్కడ ఒక ప్రభుత్వ కచేరీలో గుమాస్తా. కర్నూలుకు ఎవరెవరు పోతారని కచేరీలో అడిగితే, ఆయన లేచి నిలబడి, "మా తాతలనాటి నుంచి ఉన్న ఊరు ఇది, కదలను" అన్నారని మా ఇంట్లో చెప్పుకొనే కథ. మా నాన్నగారు ప్రతి ఉగాదికీ పచ్చడి పంచుతూ ఆ కథ చెప్పేవారు. 'కదలను' అనే చోట గరిటె పైకెత్తేవారు. మేము దానిని యథాతథంగా వ్రాసి, మన పట్టుదలకు అదొక ఉదాహరణ అని కూడా చేర్చినాము.

ఆ తాతగారు సంవత్సరానికొక చిట్టా పుస్తకం వ్రాసినారు. 1946 మొదలు 1971 వరకు. ఎడమవైపు ఖర్చు వివరం, కుడివైపు రూపాయలు, అణాలు, పైసలు. ఆ గడుల అవతల రెండంగుళాల అంచు మిగులుతుంది. ఆ అంచున ఆ రోజు సంగతి ఒకటి రెండు ముక్కలలో. వంద రోజులకు తొంభై రోజులు 'కచేరీ, మామూలు' అని ఉంటుంది. కూరగాయల పేర్లు సగం అరవం, సగం తెలుగు. తేదీలు ఇంగ్లీషు. మూడు భాషలు ఒక్క గీత మీద నడిపినవారు. మా నాన్నగారు 2016లో పోయేవరకు ఆ పుస్తకాలు అటక దిగలేదు. ఆయన వాటిని ఎన్నడూ విప్పలేదు. మాకూ విప్పవలెనని తోచలేదు. పొద్దస్తమానం కచేరీలో లెక్కలు చూచేవాడికి ఇంటికి వచ్చి మళ్ళీ లెక్కలు చూడబుద్ధి కాదు.

వీరాస్వామయ్యగారిని చదివిన ఊపులో గత వేసవిలో దించినాము. 1953 పుస్తకంలో జూలై 21వ తేదీ అంచున ఈ మాటలున్నవి: "కర్నూలు అర్జీ వ్రాసితిని. ఇంట్లో చెప్పలేదు."

మేము ఆ వాక్యం రెండు మూడు పర్యాయాలు చదివినాము. అద్దాలు తుడుచుకొని మళ్ళీ చదివినాము. తరువాత 23వ తేదీ: "అబ్బాయికి జ్వరం. కచేరీ లేదు." 24, జ్వరం. 25, జ్వరం, డాక్టరుకు 3 రూపాయలు. 27వ తేదీన అంచు ఖాళీ; ఖర్చులో ఐసుగడ్డకు 4 అణాలు మాత్రం. 30వ తేదీ: "చెమట పట్టినది. గండం గడిచినది." ఆగస్టు 1: "అర్జీ ఇచ్చితిని. గడువు నిన్నటితో సరి అన్నారు." ఆగస్టు 2: "ఆదివారం. బావి తాడు", దాని ఎదుట 1-4-0.

అంతే. బావికి కొత్త తాడు కొని ఇక్కడే ఉండిపోయినారు.

సెప్టెంబరు 28న మాత్రం ఇంకొక మాట ఉన్నది: "సెంట్రలు స్టేషనుకు పోయి సాగనంపితిని. పదకొండు మంది." ఆనాటి ఖర్చులలో ఒక కొయ్యబొమ్మ, 6 అణాలు. జ్వరం పడి లేచిన ఆ రెండేళ్ళ అబ్బాయే మా నాన్నగారు. తన జ్వరం చేతనే తండ్రి కర్నూలు పోలేకపోయినాడని తెలియకుండా, అరవై ఉగాదులు గరిటె పైకెత్తి కథ చెప్పినారు.

అందుచేత నాలుగేళ్ళ కిందట మేము వ్రాసినది తప్పు అని ఇప్పుడు ఒప్పుకొంటున్నాము. మేము చెన్నపట్నం వారం కావడానికి కారణం పట్టుదల కాదు, ఒక్క రోజు ఆలస్యమైన కాగితం. ఇది చిన్నతనమని మాకు తోచడం లేదు. కథలోని తాతగారు పటంలోని దేవుడు. దండం పెట్టి పక్కకు పోతాము. చిట్టాలోని తాతగారు అర్జీ జేబులో పెట్టుకొని, భార్యకు చెప్పలేక, వారం రోజులు పిల్లవాడి మంచం దగ్గర కూర్చున్న మనిషి. ఆయనతో మాకు పరిచయమైనది ఇప్పుడే. చిట్టా చదవకపోతే అదీ ఉండేది కాదు. పెద్దమనిషిగారికి మా అసలు జవాబు ఇది.

కాని దీనిని మరొకరికి చెప్పవలసి వచ్చినది. మా మేనత్తగారికి ఎనభై మూడేళ్ళు. విల్లివాక్కంలో కొడుకు దగ్గర ఉన్నారు. ఆ కథకు ఇంటిలో మిగిలిన పెద్ద సాక్షి ఆమే. ఒక ఆదివారం పుస్తకాలు సంచీలో వేసుకొని పోయినాము.

"అత్తయ్యా, తాతయ్య కర్నూలు పోతానని అర్జీ పెట్టినారట."

"ఎవడు చెప్పినాడురా నీకు?"

"తాతయ్యే."

సంగతి విన్న తరువాత ఆమెకు కోపం వచ్చినది. "నాన్న పుస్తకం నువ్వు ఎందుకు ముట్టుకొన్నావు? ఆయన ఉన్నప్పుడు మా అమ్మ కూడా దాని జోలికి పోయేది కాదు. ఇప్పుడు ఇది కూడా మీ పత్రికలో వేస్తావా?" అన్నారు. వేస్తామని మేము అనలేదు, వేయమనీ అనలేదు. ఆమె కొంతసేపు గోడవైపు తిరిగి కూర్చున్నారు. తరువాత ఉన్నట్టుండి, "ఆ రోజుల్లో నాన్న పెట్టెకు కొత్త తాళం తెచ్చినాడురా. తిరుపతి పోతామేమో అనుకొని నేను పావడాలు మడిచి పెట్టుకొన్నాను. ఎక్కడికీ పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే కసిరినాడు" అన్నారు.

మేము పుస్తకం తీసి వెనక్కు తిప్పినాము. జూలై 19, ఆదివారం: తాళం ఒకటి, 0-14-0.

డెబ్బై ఏళ్ళు ఆమె మనసులో ఒక తాళం ఉండిపోయినది, అది దేనికో తెలియదు. పుస్తకంలో పద్నాలుగు అణాలున్నవి, అవి దేనికో మాకు తెలియదు. రెండూ ఆ రోజు కలిసినవి. ఆమె ఏమీ అనలేదు. పత్రికలో వేయవద్దన్న మాట మాత్రం వెనక్కు తీసుకొన్నారు. "పేరు వేయకు" అన్నారు, అంతే. అందుకే పేర్లు లేవు.

ఆ పుస్తకాలలో మరొక పేజీ ఉన్నది. ఏ సంవత్సరమో కూడా చెప్పము. చదివి మూసినాము, అత్తయ్యకూ చదివి వినిపించలేదు. మా ఇంటావిడ అడిగిన ప్రశ్నకు మేము చూపగలిగిన జవాబు ఆ పేజీ ఒక్కటే.

ఈ పత్రిక చదివే ఇళ్ళలో చాలా ఇళ్ళకు అటకలున్నవి. చిట్టా పుస్తకమో, పెళ్ళి ఖర్చుల పట్టీయో, పంచాంగం అంచున వ్రాసిన నాలుగు ముక్కలో ఏదో ఒకటి ఉంటుంది. మనం ఇక్కడికి ఎప్పుడు వచ్చినాము, ఎందుకు ఉండిపోయినాము అన్న సంగతి ప్రభుత్వంవారి దస్తావేజులలో దొరకదు; అది ఉంటే ఈ అంచులలోనే ఉండవలెను. చెమ్మ తగలకుండా వేపాకు వేసి ఉంచండి, ఒక్కొక్క పుటనూ సెల్‌ఫోనుతో ఫొటో తీయండి. అయితే ఫొటో తీసినంత మాత్రాన చదివినట్లు కాదు సుమండీ. మా అమ్మాయి అరవమూ ఇంగ్లీషూ చదువుతున్నది. తాతగారి చిట్టా చేతికిస్తే రూపాయలు చదివినది, మాటలు చదవలేదు. తప్పు దానిది కాదు. సాయంత్రం అరగంట పలక పట్టించని మాది. ఈ మధ్య మొదలుపెట్టినాము. ఇప్పటికి 'జ్వరం' అన్న మాట కూడబలుక్కొని చదువుతున్నది. ఆ 'జ్వ' దగ్గర మాత్రం ఇంకా తడబడుతుంది.

అత్తయ్య దగ్గర ఆ సాయంత్రం 1953 డిసెంబరు ఆఖరు వరకు చదివినాము. ఆమెకు చూపు సరిగా ఆనదు; కళ్ళు మూసుకొని విన్నారు. కందిపప్పు, కిరసనాయిలు, కచేరీ, మామూలు. పుస్తకం మూయగానే, "తరువాతది తియ్యి" అన్నారు.

"తరువాతది ఎందుకత్తయ్యా, పొద్దుపోయింది."

"నా వెనక ఒక చెల్లెలు పుట్టి పోయిందిరా. నాకు పదకొండో ఏడు. ఏ నెలో, ఏ తేదీయో అమ్మ ఎన్నడూ చెప్పలేదు. అడిగితే ఏడ్చేది. నాన్న వ్రాసి ఉంటాడు. యాభై నాలుగు."

2008లో మేము ఇల్లు మారినాము. ఆ రోజు అటక మీది నుంచి ఒక కట్ట జారి కింద పడినది. చెద పట్టినదనుకొని, పాత పేపర్లవాడి తక్కెడలో మేమే వేసినాము. అందులో మూడు చిట్టాలు పోయినవని గత వేసవిలో వరుస పేర్చినప్పుడు గాని తెలియలేదు. 1954, 1955, 1956.

అత్తయ్యకు చెప్పినాము. పాత పేపర్లవాడు ఎంత ఇచ్చినాడని అడిగినారు. గుర్తు లేదన్నాము. నిజంగానే గుర్తు లేదు. వ్రాసి పెట్టుకొనే అలవాటు మాకు లేదు.

"సరే, ఉన్నది చదువు" అన్నారు ఆమె. 1957 పుస్తకం తీసినాము. ఆ ఏడు ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. తాతగారు ఆ నాటి నుంచి జూన్ ఆఖరు వరకు ప్రతి ఖర్చుకూ అణాలు ఒక గడిలో, నయాపైసలు పక్క గడిలో, రెండు విధాలా వేసినారు. మేము రెండూ చదువుతూ పోయినాము. ఆమె అణాలు మాత్రం లెక్కపెట్టుకొన్నారు.